ఆకాశంలో వింత రంగులు: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కోవూరు చుట్టుపక్కల ఊళ్లల్లో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఇప్పటికీ ఆకాశంలో ఏదన్నా వింత కనపడితే పాత విద్యార్థులు ఫోన్ చేస్తారు. ఒకరు రొయ్యల గుంట కట్ట మీద నిలబడి, ఒకరు హైవే పక్కన బండి ఆపి, ఒంగోలులో ఒకమ్మాయి మేడ మీద బట్టలు తీస్తూ. అందరినీ ముందుగా ఒకటే అడుగుతాను: సూర్యుడు నీ వీపు వెనక ఉన్నాడా, నీ ముందున్నాడా? వీపు వెనక ఉంటే ఆ రంగులు నీటి బొట్లవి. ముందుంటే దాదాపు ఎప్పుడూ ఐసు పలుకులవి, లేదంటే మేఘంలోని మరీ సన్నటి బొట్లవి. ఇది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

హరివిల్లు పుట్టాలంటే ఒక్క వాన చినుకులో ఏం జరగాలి?

వెలుగు చినుకులోకి దూరేటప్పుడు ఒకసారి వంగుతుంది. వెనక గోడకు తగిలి కొంత తిరిగొస్తుంది. బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి వంగుతుంది. ఇంతవరకు పదో తరగతి పుస్తకంలో ఉంటుంది. కానీ పిల్లలు అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. చినుకు గుండ్రంగా ఉంది, వెలుగు దాని మీద అన్నిచోట్లా పడుతుంది, మరి రంగులు ఒక్క గీత మీదే ఎందుకు కనపడతాయి?

చినుకు నడిమధ్యన తగిలిన కిరణం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కొంచెం పక్కన తగిలినది కొంచెం పక్కకు తిరిగొస్తుంది. తగిలే చోటు అంచు వైపు జరిగేకొద్దీ ఆ కోణం పెరుగుతూ పోయి, ఒకచోట ఆగి, మళ్లీ తగ్గుతుంది. ఆ ఆగిన చోటు 42 డిగ్రీలు. పైకి విసిరిన బంతి కిందికి మళ్లేముందు ఒక్క క్షణం నిలిచినట్టు కనపడుతుంది కదా, కిరణాలు కూడా ఆ మలుపు దగ్గర గుమిగూడతాయి. గుమిగూడిన చోట వెలుగు ఎక్కువ. ఎరుపుకి ఆ మలుపు సుమారు 42 డిగ్రీల దగ్గర వస్తే ఊదాకి 40 దగ్గర వస్తుంది. అందుకే ఎరుపు బయట, ఊదా లోపల.

ఈ లెక్కను 1637లో ఫ్రాన్సు దేశపు డెకార్ట్ చేసి చూపించాడు. అంతకు మూడొందల ఏళ్ల ముందే, 14వ శతాబ్దం మొదట్లో, జర్మనీలో థియోడొరిక్ అనే సన్యాసి, పర్షియాలో కమాలుద్దీన్ అల్ ఫారిసీ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, గాజు బుడ్డిలో నీళ్లు పోసి దాన్నే పెద్ద చినుకనుకుని పరీక్షించారు. మన వరాహమిహిరుడు 6వ శతాబ్దంలోనే బృహత్సంహితలో ఇంద్రధనుస్సు సూర్యకిరణాల నుంచే వస్తుందని రాశాడు. కిరణాలను చెదరగొట్టేది గాలి అనుకున్నాడు కానీ, మూలం సూర్యుడేనని పట్టుకున్నాడు.

మా ఊళ్లో మిట్టమధ్యాహ్నం ఎండావానా కలిసి కురిసినా హరివిల్లు రాలేదు. ఎందుకు?

రాదు. నెల్లూరులో ఏడాది పొడవునా ఏ రోజూ మిట్టమధ్యాహ్నం వాన హరివిల్లు కనపడదు.

హరివిల్లుకి మధ్య బిందువు మీ తల నీడ పడే చోట ఉంటుంది. దాని చుట్టూ 42 డిగ్రీల దూరంలో విల్లు. సూర్యుడు 42 డిగ్రీల ఎత్తు దాటితే ఆ విల్లు మొత్తం నేల కిందికి జారిపోతుంది. నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ చివర్లో, సూర్యుడు బాగా దక్షిణానికి జరిగినప్పుడు కూడా, మధ్యాహ్నం ఎత్తు 52 డిగ్రీలకు తగ్గదు. కుక్కకీ నక్కకీ పెళ్లి ఎంత ఘనంగా జరిగినా మధ్యాహ్నం ముహూర్తానికి విల్లు రాదన్నమాట.

మరి ఎప్పుడు చూడాలి? డిసెంబర్‌లో ఉదయం పది లోపు, మధ్యాహ్నం రెండు దాటాక. మార్చి, సెప్టెంబర్ నెలల్లో తొమ్మిది లోపు, మూడు దాటాక. జూన్‌లో తొమ్మిదికి ముందే అయిపోతుంది, మళ్లీ మూడున్నర దాకా ఆగాలి. పొద్దున అయితే పడమర, వెలిగొండల వైపు చూడాలి. సాయంత్రం అయితే తూర్పున సముద్రం వైపు. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వాయుగుండం పట్టి ముసురు కమ్మితే సూర్యుడే ఉండడు కాబట్టి విల్లూ ఉండదు. సముద్రం మీంచి ఒక్కో జల్లు వచ్చి పోతూ మధ్యలో ఎండ కాస్తుంటే, అలాంటి పొద్దున్నే పడమటి వైపు చూడాలి.

రెండు హరివిళ్లు ఒకదాని మీద ఒకటి కనపడ్డాయి. పై దాంట్లో రంగులు తిరగబడి ఉన్నాయి. కళ్లు మోసపోయాయా?

మోసపోలేదు, సరిగ్గా చూశారు. చినుకు లోపల వెలుగు రెండుసార్లు తిరిగితే వచ్చేది రెండో విల్లు. అది 50 నుంచి 53 డిగ్రీల మధ్య ఉంటుంది. ఎరుపు లోపలి వైపుకి, ఊదా బయటికి. తిరిగిన ప్రతిసారీ కొంత వెలుగు బయటికి కారిపోతుంది కాబట్టి మొదటి దాంట్లో సగం వెలుగు కూడా ఉండదు. పైగా వెడల్పు ఎక్కువ, అందుకే ఇంకా పలచగా కనపడుతుంది.

నేనైతే ఆ రెండు విళ్ల కంటే వాటి నడుమ ఉన్న ఆకాశాన్ని చూడమంటాను. అక్కడ మబ్బు ముదురుగా, నల్లగా ఉంటుంది. మొదటి రకం కిరణాలు 42 దాటి బయటికి రావు, రెండో రకం 50 లోపలికి రావు. మధ్యలోని చినుకులు మీ కంటికి అలాంటి వెలుగేమీ పంపవు. సుమారు 1,800 ఏళ్ల కిందట దీన్ని గమనించి రాసిన గ్రీకు పండితుడి పేరు మీద ఆ పట్టీని అలెగ్జాండర్ చీకటి పట్టీ అంటారు. ఈయన దండయాత్రల అలెగ్జాండర్ కాదు. ఒకసారి ఆ పట్టీని గుర్తుపడితే, ఆ తర్వాత ప్రతి హరివిల్లు దగ్గరా కన్ను దానికోసమే వెతుకుతుంది.

మూడోది కూడా ఉంది. అయితే అది సూర్యుడి వైపే, సూర్యుడి చుట్టూ 40 డిగ్రీల దూరంలో వస్తుంది. ఎండ తీవ్రతకి కంటికి దాదాపు ఆనదు. దాన్ని ఫోటోలో పట్టుకోవడానికి 2011 దాకా పట్టింది.

విల్లు లోపలి అంచున గులాబీ, ఆకుపచ్చ గీతలు మళ్లీ మళ్లీ వచ్చాయి. అవి ఏంటి?

చినుకులు సన్నగా, అన్నీ ఒకే సైజులో ఉన్నాయని అర్థం. ఇందాక చెప్పిన మలుపుకి అటూ ఇటూ తగిలిన రెండు కిరణాలు ఒకే కోణంలో బయటికి వస్తాయి. అవి నడిచిన దూరాల్లో చిన్న తేడా ఉంటుంది. రెండు అలలు ఒకేసారి పైకి లేస్తే పెద్దదవుతుంది, ఒకటి లేచినప్పుడు ఇంకోటి పడితే చదునవుతుంది. వెలుగు కూడా అంతే. 1804లో థామస్ యంగ్ ఈ గీతలను చూపించి, వెలుగు అలలాగా నడుస్తుందనడానికి ఇదో సాక్ష్యం అన్నాడు. లావు చినుకుల వానలో ఈ గీతలు కలిసిపోయి మాయమవుతాయి. సన్నటి జల్లు వెలుస్తున్నప్పుడు విల్లు నడినెత్తి భాగంలో వెతకండి.

కొన్నిసార్లు ఒకే మొదలు నుంచి విల్లు రెండుగా చీలినట్టు కనపడుతుంది, రెంటిలోనూ రంగుల వరస ఒకటే. ఇది చాలా అరుదు. లావు చినుకులు పడేటప్పుడు గాలి ఒత్తిడికి కింద చదునై బన్ను ఆకారానికి వస్తాయి. సన్నవి గుండ్రంగానే ఉంటాయి. రెండు రకాలూ కలిసి కురిస్తే ఒక్కో రకం తన విల్లు తాను గీస్తుంది.

మైపాడు బీచ్‌లో అల విరిగినచోట బుల్లి హరివిల్లు కనపడింది. అదీ ఇదీ ఒకటేనా?

ఒకటే సూత్రం, కొలత మాత్రం కొంచెం తేడా. ఉప్పునీళ్లు మంచినీళ్ల కంటే వెలుగుని కాస్త ఎక్కువగా వంచుతాయి. అందువల్ల సముద్రపు తుంపరలో పుట్టిన విల్లు వాన విల్లు కంటే సుమారు 0.8 డిగ్రీ చిన్నది. పైన వాన, కింద తుంపర ఒకేసారి ఉంటే విల్లు ఆ రెండూ కలిసేచోట అతుకు తప్పినట్టు ఉంటుంది. మైపాడులోనైనా కొత్తపట్నంలోనైనా ఇది చూడాలంటే సాయంత్రం వెళ్లాలి. పొద్దున సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు, అలల తుంపరలో విల్లు రాదు.

పొద్దుగూకే వేళ మొత్తం ఎర్రగా ఉన్న హరివిల్లు చూశాం. మంచిదేనా?

మంచిదే, భయపడేదేమీ లేదు. అస్తమించే సూర్యుడి వెలుగు గాలి పొరల్లో చాలా దూరం నడిచి వస్తుంది. దారిలో నీలం, ఆకుపచ్చ చెదిరిపోతాయి. చినుకు దాకా చేరేది ఎరుపే కాబట్టి విల్లూ ఎరుపే. సూర్యుడు నేలని తాకుతున్నప్పుడు విల్లు నిండు అర్ధవృత్తంగా, చాలా ఎత్తుగా నిలబడుతుంది.

రొయ్యల గుంటల్లో ఏరేటర్లు తిరుగుతుంటే కింద నీళ్ల దగ్గరే హరివిల్లు కనపడుతుంది. పైన ఆకాశంలో లేకుండా కింద ఎలా?

ఈ ప్రశ్న చాలామంది అడిగారు, నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. విల్లుకి ఆకాశం అక్కర్లేదు. మీ కంటి నుంచి మీ తల నీడ వైపు గీత గీస్తే, ఆ గీతకి 42 డిగ్రీల చుట్టూ ఎక్కడ నీటి బొట్టు ఎండలో ఉన్నా అది మీకు రంగు పంపుతుంది. అది అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్నా, అయిదడుగుల దూరంలో ఉన్నా ఒకటే. గుంట కట్ట మీద ఎత్తులో నిలబడి ఏరేటర్ చిమ్మే తుంపర వైపు, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని చూస్తే ముక్క దొరుకుతుంది.

మధ్యాహ్నం హరివిల్లు రాదన్నాను కదా, అది వాన హరివిల్లు సంగతి. మేడ మీద నిలబడి గొట్టంతో కిందికి నీళ్లు చిమ్మండి. పన్నెండు గంటలకైనా మీ కాళ్ల దిగువన విల్లు వస్తుంది. తుంపర చుట్టూ సరిపడా ఉంటే నిండు వలయమే కనపడుతుంది. నిజానికి హరివిల్లు ఎప్పుడూ వలయమే, మిగతా భాగంలో చినుకుల్ని నేల ఉండనివ్వదు, అంతే. పవర్ స్ప్రేయర్‌తో మందు కొట్టేటప్పుడు కూడా ఇది కనపడుతుంది కానీ, దయచేసి రంగుల కోసం ఆ తుంపర దగ్గరికి పోవద్దు.

డిసెంబర్ పొద్దున హైవే మీద పొగమంచులో తెల్లటి విల్లు నిలబడి ఉంది. దెయ్యం అనుకుని డ్రైవర్ టెన్షన్ పడ్డాడు. ఏంటది?

పొగమంచు విల్లు. వాన చినుకు ఒక మిల్లీమీటర్ ఉంటే పొగమంచు బొట్టు అందులో పదో వంతు కూడా ఉండదు. అంత చిన్న బొట్టు నుంచి బయటికొచ్చే వెలుగు విచ్చుకుపోతుంది. ప్రతి రంగూ వెడల్పై పక్క రంగు మీద పడి, అన్నీ కలిసి తెలుపవుతాయి. బాగా చూస్తే బయటి అంచున లేత ఎరుపు, లోపల లేత నీలం ఛాయ ఉంటుంది. పొగమంచు మీ ముందుండి, వెనక నుంచి ఎండ పొడుచుకొచ్చే ఏడు, ఎనిమిది గంటల మధ్య దొరుకుతుంది. రాత్రిపూట వెనక బండి హెడ్‌లైటు వెలుగులో కూడా రావచ్చు. చూడాలనిపిస్తే బండి పూర్తిగా పక్కకి తీసి, రోడ్డు దిగి చూడండి. పొగమంచులో రోడ్డు మీద ఆగడం ప్రాణాల మీదికి తెస్తుంది.

తెల్లవారి కయ్య గట్టు మీద నడుస్తుంటే నా తల నీడ చుట్టూ వెలుగు ఉంది. పక్కన నడిచే మా నాయన నీడకి లేదు. ఇది నిజమేనా?

నిజమే. ఇంకో సంగతి, మీ నాయనని అడిగితే ఆయన తల చుట్టూ ఉంది, నీకు లేదంటాడు.

వరి ఆకు నీళ్లను అంటనివ్వదు. తామరాకు లాగే దాని మీద సన్నటి గరుకు ఉంటుంది, బొట్టు ముత్యంలా గుండ్రంగా నిలుస్తుంది. ఆ బొట్టు లెన్సులా పనిచేసి ఎండని ఆకు మీద ఒక చుక్కగా పడేస్తుంది. ఆ చుక్క నుంచి చెదిరిన వెలుగు మళ్లీ అదే బొట్టులోంచి, వచ్చిన దారినే సూర్యుడి వైపు వెనక్కి పోతుంది. ఆ దారిలో ఉన్నది నీ తల ఒక్కటే. అందుకే నీ కంటికి నీ తల నీడ చుట్టే వెలుగు. రాత్రిపూట టార్చి వేస్తే రోడ్డు పక్క బోర్డులు వేసినవాడికే మెరుస్తాయి చూడండి, ఇంచుమించు అలాంటిదే.

16వ శతాబ్దంలో ఇటలీ శిల్పి బెన్వెనుటో చెల్లిని తన నీడకి ఈ వెలుగు చూసి, దేవుడు తనకే ఇచ్చిన వరమనుకున్నాడు. మన పల్లెల్లో వరి నాటిన ప్రతి రైతుకీ ఆ వరం ఉంది. పొద్దున పైరు నిండా బొట్లున్నప్పుడు, నీడ పొడవుగా పడే వేళ, అంటే సూర్యోదయమైన గంట లోపల చూడాలి. ఆకు కొసన వేలాడే బొట్టు చాలాసార్లు మంచు కాదు, రాత్రి మొక్క తనే బయటికి తోసిన నీరు. వెలుగు పని మాత్రం రెండూ చేస్తాయి.

గడ్డి మీద సాలెగూళ్లు బాగా ఉంటే ఆ నీడకి 42 డిగ్రీల దూరాన రంగుల మంచు విల్లు కూడా కనపడుతుంది. అది నేల మీద పరుచుకుంటుంది కాబట్టి వలయంలా కాక, సాగదీసిన ఆకారంలో అటూ ఇటూ తెరుచుకుంటూ పోతుంది.

చెరువు దగ్గర మామూలు విల్లు మొదళ్ల నుంచే ఇంకో విల్లు నిటారుగా పైకి లేచింది. మూడో హరివిల్లా?

కాదు. కదలని చెరువు నీళ్లు అద్దంలా ఉండి, అందులోని సూర్యుడి నీడ రెండో సూర్యుడిలా కింది నుంచి చినుకుల్ని వెలిగించింది. ఆ కిరణాలు పైకి పోతున్నాయి కాబట్టి దాని విల్లు మధ్య బిందువు నేలకి పైన ఉంటుంది. రెండు విళ్లూ నేల దగ్గర కలుస్తాయి. దీనికి పెద్ద నీటి పట్టు, గాలి లేని వేళ రెండూ కావాలి. బుచ్చిరెడ్డిపాలెం దగ్గరి కనిగిరి రిజర్వాయరు, సోమశిల, పులికాట్ లాంటి చోట్ల పొద్దున్నే వాన పడమటికి జరిగిపోయాక గాలి నిలిచిపోతే ఆశపడొచ్చు.

చంద్రుడికి గుడి కట్టింది. దూరం గుడి అయితే దగ్గర వాన, దగ్గర గుడి అయితే దూరం వాన అంటారు. సైన్సు ఒప్పుకుంటుందా?

ఇక్కడి నుంచి కొన్ని ప్రశ్నల దాకా సూర్యుడు, చంద్రుడు మన ముందుంటారు, వీపు వెనక కాదు. అంటే ఐసు సంగతి, లేదంటే మబ్బులోని సన్నటి బొట్ల సంగతి.

సామెత మా అవ్వ కూడా చెప్పేది. చంద్రుడి చుట్టూ కట్టే వెలుగు వలయాన్ని వరదగుడి అనేది. చాలా ఏళ్లు నేను దాన్ని ఊరికే చెప్పే మాట అనుకుని వదిలేశాను, తర్వాత నా పొరపాటు తెలిసింది. ఆ దగ్గర గుడి, దూరం గుడి అన్నవి రెండు వేరు వేరు వస్తువులు. అవ్వలు వాటిని వేరు చేసి చూడగలిగారు.

దూరం గుడి ఐసుది. చాలా ఎత్తున, కిలోమీటర్ల పైన, మే నెల ఎండల్లో కూడా గడ్డకట్టే చలి ఉంటుంది. అక్కడి పలచటి తెల్లటి మబ్బు నిండా ఆరు పలకల ఐసు పలుకులు. వెలుగు ఒక పలకలో దూరి, ఒకటి వదిలి పక్క పలకలోంచి బయటికి వస్తే 60 డిగ్రీల ప్రిజంలోంచి వచ్చినట్టు. అది కనీసం 22 డిగ్రీలు వంగుతుంది, ఆ కనీసం దగ్గరే కిరణాలు గుమిగూడతాయి. అందుకని వలయం ఎప్పుడూ 22 డిగ్రీలే, చంద్రుడికైనా సూర్యుడికైనా. చెయ్యి చాచి జాన విప్పండి. బొటనవేలు చంద్రుడి మీద పెడితే చిటికెనవేలి కొన వలయం దగ్గరికి వస్తుంది. లోపలి అంచు ఎర్రగా, లోపలి ఆకాశం కొంచెం నల్లగా ఉంటుంది.

దగ్గర గుడి కిందిస్థాయి పలచటి మబ్బులోని నీటి బొట్లది. చంద్రుడి చుట్టూ కొద్ది డిగ్రీలే, తెల్లటి పళ్లెం, అంచున గోధుమ ఎరుపు. ఇక్కడ వెలుగు బొట్టులో వంగదు, దాని పక్కల నుంచి సాగి విచ్చుకుంటుంది. దీన్ని వివర్తనం అంటారు. బొట్టు ఎంత చిన్నదైతే వలయం అంత పెద్దది.

మరి వాన? బంగాళాఖాతంలో వాయుగుండం పెరిగేటప్పుడు దాని పైభాగం నుంచి ఐసు మబ్బులు చాలా ముందుగా మన మీదికి పరుచుకుంటాయి. అప్పుడు కట్టిన దూరం గుడి వానకి ముందుమాటే. కానీ ఆ మబ్బు వాయుగుండం లేకుండా కూడా వస్తుంది, గుడి కట్టిన ప్రతిసారీ వాన పడదు. వేటకి పోయేవాళ్లు తుపాను హెచ్చరిక విని పోవాలి తప్ప, గుడి లేదు కదా అని పడవ దించకూడదు.

పగలు సూర్యుడి గుడిని చూడొచ్చా?

సూర్యుణ్ణి సూటిగా ఎప్పుడూ చూడొద్దు. మామూలు నల్లద్దాలు కాపాడవు. ఎక్స్‌రే ఫిల్ము కూడా కాపాడదు. కొబ్బరి చెట్టు తలకాయో, నీళ్ల ట్యాంకో సూర్యుడికి అడ్డం వచ్చేలా నిలబడి చుట్టూ చూడండి. రంగులు అప్పుడే బాగా కనపడతాయి.

ఏప్రిల్ మధ్యాహ్నం ఆకాశంలో కింద వైపు, నేలకి సమాంతరంగా రంగుల పట్టీ పరిచినట్టు ఉంది. హరివిల్లు రాదన్నారు కదా?

హరివిల్లు కాదది. మీరు సూర్యుడున్న వైపే చూస్తున్నారు, గమనించండి. పళ్లెంలా చదునుగా ఉండే ఐసు పలుకులు రాలుతున్న ఆకుల్లా అడ్డంగా తేలుతాయి. వెలుగు పక్క గోడలోంచి దూరి కింది గోడలోంచి బయటపడితే 90 డిగ్రీల ప్రిజం. రంగులు బాగా విడిపోతాయి, హరివిల్లు కంటే శుభ్రంగా. ఇది సూర్యుడికి 46 డిగ్రీలకు పైగా కింద వస్తుంది, సూర్యుడు కనీసం 58 డిగ్రీల ఎత్తున ఉండాలి.

లండన్ లాంటి ఊళ్లల్లో సూర్యుడు నడివేసవిలో తప్ప అంత ఎత్తుకి ఎక్కడు. మనకో? సుమారు జనవరి చివర నుంచి నవంబర్ రెండో వారం దాకా ప్రతి మధ్యాహ్నం ఎక్కుతాడు. అంటే వాన హరివిల్లు మనకు మధ్యాహ్నం దొరక్కపోయినా, ఈ ఐసు పట్టీని చూసే అవకాశం మనకు చాలా దేశాల కంటే ఎక్కువ. మే నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి ఆ నెలల్లో ఉత్తరం వైపు చూడాలి, మిగతా నెలల్లో దక్షిణం.

దీనికి చెల్లెలు ఒకటుంది. సూర్యుడు 32 డిగ్రీల లోపు ఉన్నప్పుడు నడినెత్తి దగ్గర తలకిందులుగా, ఆకాశం నవ్వినట్టు చిన్న రంగుల వంపు. తల పైకెత్తి చూసేవాళ్లు తక్కువ కాబట్టి ఇది తెలిసినవాళ్లూ తక్కువ. పొద్దు వాలేటప్పుడు సూర్యుడికి కుడి ఎడమల జానెడు దూరంలో మెరిసే రెండు రంగు మచ్చలు కూడా ఈ పలుకుల పనే. వాటికి సూర్యుడి వైపు ఎరుపు ఉంటుంది.

మబ్బు అంచున ఆల్చిప్ప లోపలి రంగులు ఎలా వస్తాయి?

మబ్బు కొత్తగా పుడుతున్న చోట బొట్లు చాలా చిన్నగా, ఒకే సైజులో ఉంటాయి. చంద్రుడి దగ్గర గుడికి కారణమైన వివర్తనమే ఇక్కడ వలయంగా కాక చెదిరిన ముక్కలుగా వస్తుంది. వేసవి సాయంత్రం ఉరుముల మబ్బు పైకి పొంగేటప్పుడు దాని నెత్తిన పలచటి టోపీ లాంటి మబ్బు పడుతుంది చూడండి, అందులో గులాబీ, పచ్చ రంగులు బాగా ఆడతాయి.

శ్రీహరికోట నుంచి రాకెట్ తెల్లవారుజామునో, పొద్దుగూకాకో లేస్తే వెనక వదిలిన చార కూడా ఒక్కోసారి ఇలా రంగులు పోతుంది. కింద మనకు చీకటి, అంత ఎత్తున ఉన్న చారకి మాత్రం ఎండ తగులుతూనే ఉంటుంది.

విమానంలోంచి చూస్తే మబ్బు మీద విమానం నీడ చుట్టూ గుండ్రటి రంగులు. ఇదే నిండు హరివిల్లా?

దీనికీ దానికీ సంబంధం లేదు. హరివిల్లు వలయం 42 డిగ్రీలు ఉంటే ఇది కొద్ది డిగ్రీలే ఉంటుంది. మబ్బులోని సన్నటి బొట్ల నుంచి దాదాపు వచ్చిన దారినే తిరిగొచ్చే వెలుగు అలలు ఒకదాన్నొకటి కలుపుకోవడం వల్ల వస్తుంది. వలయం మధ్య బిందువు సరిగ్గా మీరు కూర్చున్న సీటు నీడ దగ్గర ఉంటుంది. రెక్క వెనక సీటైతే వలయం విమానం నీడకి వెనక భాగంలో ఉంటుంది. చెన్నై నుంచి హైదరాబాద్ పొద్దున్నే వెళ్లేటప్పుడు సూర్యుడు కుడి వైపు ఉంటాడు, కాబట్టి ఎడమ కిటికీ అడగండి.

రాత్రిపూట హరివిల్లు వస్తుందంటే నమ్మమంటారా?

నమ్మండి. వెన్నెలకీ అదే లెక్క. చంద్రుడు నిండుగా, 42 డిగ్రీల కంటే కింద, మీ వీపు వెనక ఉండాలి. కంటికి తెల్లగానే కనపడుతుంది, ఎందుకంటే మసక వెలుగులో మన కన్ను రంగులు పట్టుకోలేదు. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి కొన్ని సెకన్లు నైట్ మోడ్‌లో తీస్తే రంగులు బయటపడతాయి. కార్తీక పౌర్ణమి మన వానల కాలంలోనే పడుతుంది. ఆ సాయంత్రం చంద్రుడు తూర్పున పైకొస్తుండగా జల్లు పడమటికి దాటిపోతుంటే, దీపాలు వదిలి వస్తూ ఒకసారి పడమర చూడండి. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను, నాకింకా దొరకలేదు.

పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే హరివిల్లు మాయమవుతుందా?

అద్దాన్ని తిప్పితే ఒక కోణంలో ఆ ముక్క దాదాపు మాయమవుతుంది, ఇంకో కోణంలో ఇంకా బాగా కనపడుతుంది. పోలరైజ్డ్ అద్దం ఒకే వైపు ఊగే వెలుగునే పోనిస్తుంది. చినుకు లోపలి గోడకి తగిలి వచ్చిన వెలుగు ఎక్కువగా ఒకే వైపు ఊగుతుంది. ఫోటోలు తీసేవాళ్లకి ఇది పనికొచ్చే సంగతి.

గూడూరు వైపు దొరికే కాకిబంగారంలో రంగుల వలయాలు కనపడతాయి. అవి రాయి రంగులేనా?

రాయికి ఆ రంగులు లేవు. గూడూరు, సైదాపురం, రాపూరు, పొదలకూరు పక్క పాత కాకిబంగారం, అంటే అభ్రకం (మైకా) గనుల దగ్గర తిరిగిన పిల్లలందరికీ ఇవి తెలుసు. అభ్రకం పొరలు పొరలుగా విడిపోతుంది. రెండు పొరల మధ్య ఎక్కడో కాస్త విడి, గాలి దూరితే ఆ గాలి పొర మందం వెలుగు అల పొడవుకి దగ్గరగా ఉంటుంది. ఊదా అల పొడవు మిల్లీమీటర్‌లో పదివేల వంతులు నాలుగు, ఎరుపుది ఏడు. పై పొర నుంచి, కింది పొర నుంచి తిరిగొచ్చిన అలలు కలిసి ఒకచోట ఎరుపు నిలుస్తుంది, ఒకచోట పచ్చ. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క పరుచుకుంటే వచ్చే రంగులూ, సబ్బు బుడగ రంగులూ ఇవే. వేలితో నొక్కితే వలయాలు జరుగుతాయి, అదే దాని గుర్తు.

అభ్రకంతో ఇంకో పని చేయొచ్చు, పిల్లలకి తప్పకుండా చూపించండి. గోరుతో పలచటి రేకు ఒకటి విడదీయండి, కాగితమంత మందం చాలు. ఫోన్ తెర మీద తెల్లటి బొమ్మ పెట్టి, దాని మీద రేకు ఉంచి, పోలరైజ్డ్ కళ్లద్దంలోంచి చూడండి. ఫోన్ తెర వెలుగు చాలావరకు ఒకే వైపు ఊగుతుంది. అభ్రకంలో వెలుగు రెండు దారులుగా, రెండు వేగాలతో నడుస్తుంది, బయటికొచ్చేసరికి ఒకటి వెనకబడుతుంది. ఎంత వెనకబడిందనేది రేకు మందాన్ని బట్టి ఉంటుంది. కళ్లద్దం తిప్పుతుంటే రేకులో మందం మారిన ప్రతిచోటా రంగు మారుతుంది. మామూలుగా చూస్తే గాజులా తెల్లగా ఉండే రేకు, నీలం, పసుపు, గులాబీ ముక్కలు అతికించినట్టు కనపడుతుంది. రేకు దొరక్కపోతే ప్లాస్టిక్ స్కేలు పెట్టి చూడండి, దానిలోనూ రంగులు వస్తాయి.